స్టీరింగు పట్టిన చేతికి బీమా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవారు పిల్లల చదువుల గురించి, ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి చక్కగా చెప్పారు. నేను చెప్పబోయేది బండి ఇన్సూరెన్సు గురించి. ఇదేం విషయమండీ అని కొందరు అనుకోవచ్చు. ఒక్కసారి ఈ హాలులో చుట్టూ చూడండి. ఆటో నడిపేవారు, మిర్చి యార్డుకు లారీ తోలేవారు, టాక్సీ నడిపేవారు, ఆటోనగర్‌లో రెంచి పట్టి బతికేవారు - ఇంటికొకరు ఉంటారు. మన సంఘంలో ఎన్నో ఇళ్ళ పొయ్యి స్టీరింగు తిరిగితేనే వెలుగుతుంది. కాబట్టి ఈ సంగతి చదువుల తర్వాతది కాదు, పెళ్ళిళ్ళ తర్వాతదీ కాదు.

నేను 1979లో ఒక జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచిలో గుమాస్తాగా చేరి, 2014లో రిటైరయ్యాను. ముప్ఫై అయిదేళ్ళు మోటారు విభాగంలోనే గడిచాయి. పోయిన నెల ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చి, "చాచా, రెండేళ్ళలో మూడుసార్లు క్లెయిమ్ తీసుకున్నాను. ఇప్పుడు రెన్యువల్‌కు పోతే రేటు బాగా పెంచారు. నీది రిస్కు ఎక్కువ కేసు అన్నాడు ఏజెంటు. నాకు దారేమిటి?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్న కార్యదర్శిగారు, ఇది అందరికీ చెప్పండి అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట ఒక సంగతి స్పష్టం కావాలి. బండి ఇన్సూరెన్సు అని మనం ఒకే మాట అంటాము గాని, అందులో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి థర్డ్ పార్టీ. అంటే మన బండి వల్ల దారిన పోయే మనిషికి కలిగే నష్టానికి బీమా. రెండవది ఓన్ డ్యామేజి. అంటే మన బండికే కలిగే నష్టానికి బీమా. మొదటిది చట్టం తప్పనిసరి చేసింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కిందనే 1946 నుంచి ఇది మన దేశంలో తప్పనిసరి అయింది. ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం. రెండవది మన ఇష్టం. పాత బండికి వద్దనుకుంటే మానుకోవచ్చు.

ఈ బీమాలు మన దీనులో సమ్మతమేనా అని కొందరు పెద్దలు నన్ను అడుగుతుంటారు. అది ఆలిములు చెప్పవలసిన మాట, నేను చెప్పదగినది కాదు. చట్టం థర్డ్ పార్టీ లేనిదే బండిని రోడ్డెక్కనివ్వదు అన్నంతవరకే నాకు తెలిసిన సంగతి.

ఇక రేట్ల మాట. థర్డ్ పార్టీ రేటును కంపెనీ నిర్ణయించదు, కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన ప్రకటన ప్రకారం, 1000 సి.సి. దాటని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. 1000 నుంచి 1500 సి.సి. వరకు 3,416, ఆ పైన 7,897. మోటారు సైకిలుకు 75 నుంచి 150 సి.సి. వరకు 714 రూపాయలు. ఆటోకు మూలధర మీద ప్యాసింజరుకు ఇంత అని కలుపుతారు. వీటి మీద జి.ఎస్.టి. అదనం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళది, కొత్త మోటారు సైకిలుకు అయిదేళ్ళది ఒకేసారి కట్టాలి. బళ్ళు కొన్నవారు మరుసటి ఏడాదే ఇన్సూరెన్సు మరిచిపోతుంటే సుప్రీంకోర్టు కల్పించుకొని ఇట్లా చేయించింది.

ఇందులో మీరు గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఈ ధరల పట్టికలో ఇంజను సైజు ఉన్నది గాని, డ్రైవరు పేరు లేదు! ముప్ఫై ఏళ్ళు గీత పడకుండా నడిపిన పెద్దమనిషీ, నిన్న లైసెన్సు తెచ్చుకుని రోడ్డును రేసుకోర్సు చేసిన కుర్రాడూ థర్డ్ పార్టీకి ఒకే ధర కడతారు. మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు గదా, వాళ్ళను అడగండి. అక్కడ బండి కంటే ముందు మనిషిని చూస్తారు. తాగి నడిపి పట్టుబడితే, ఎన్నో రాష్ట్రాల్లో ఎస్.ఆర్.-22 అనే కాగితం ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా ప్రభుత్వానికి పంపించాలి. అది ఉన్నన్నాళ్ళూ ప్రీమియం భారం మోయాలి. ఎవరూ బీమా ఇవ్వకపోతే అట్లాంటివారిని కంపెనీలకు పంచిపెట్టే ఏర్పాటు కూడా అక్కడ ఉన్నది. మన దేశంలో కూడా ట్రాఫిక్ నేరాలను లెక్కించి ప్రీమియం పెంచాలని 2021లో నియంత్రణ సంస్థ నియమించిన బృందం ఒకటి సూచించింది. రేపెప్పుడైనా అది రావచ్చు. ఈనాటి చలానా రేపటి ప్రీమియం కావచ్చునన్న ఎరుక మన కుర్రాళ్ళకు ఇప్పటి నుంచే ఉండాలి.

మన దగ్గర ఒకప్పుడు రిస్కు అనే ముద్ర లారీల మీద పడింది. పాత లారీకి థర్డ్ పార్టీ మాత్రమే కావాలని వస్తే ఆఫీసులు వెనుకాడేవి. కౌంటరులో కూర్చుని "సాహెబ్ లేరు, రేపు రండి" అని నేనే పంపించిన రోజులున్నాయి. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉన్నది. ఆ బాధ పోగొట్టడానికి 2007లో వాణిజ్య వాహనాల థర్డ్ పార్టీ నష్టాన్ని కంపెనీలన్నీ కలిసి మోసే ఉమ్మడి పూల్ పెట్టారు. అది 2012 వరకు నడిచింది. దాని తర్వాత, కంపెనీలు వద్దనుకున్న బళ్ళ కోసం మరొక పూల్ పెట్టి 2016లో అదీ ఎత్తివేశారు. ఇప్పుడు ప్రతి కంపెనీ ఏటా ఇంత మేరకు థర్డ్ పార్టీ వ్యాపారం చేసి తీరాలన్న నిబంధన ఉన్నది. కనుక థర్డ్ పార్టీ ఇవ్వమని ఎవరైనా తిప్పి పంపితే ఊరుకోకండి. నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. ప్రధాన కార్యాలయం ఎక్కడో లేదు, హైదరాబాదులోనే ఉన్నది. బీమా భరోసా అనే దాని ఏర్పాటు ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఆ కుర్రవాడి సంగతి. అతనికి పెరిగింది ఓన్ డ్యామేజి రేటు. 2007 జనవరి 1 నుంచి దాని ధరను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. మాటిమాటికీ క్లెయిమ్ చేసేవాడిని కంపెనీ కొంచెం దూరంగా కూర్చోబెడుతుంది. ఇక్కడ అసలు కీలకం నో క్లెయిమ్ బోనస్. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడు ఓన్ డ్యామేజి ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. తర్వాత వరుసగా 25, 35, 45, చివరకు 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్న.

చిన్న లెక్క చెబుతాను, జేబులో కాగితముంటే రాసుకోండి. ఓన్ డ్యామేజి ప్రీమియం 10,000 అనుకుందాం. 50 శాతం బోనస్ ఉన్నవాడు 5,000 కడతాడు. బంపరు సొట్టపడితే 3,000 రూపాయల పనికి క్లెయిమ్ చేశాడు. మరుసటి ఏడు 10,000, తర్వాత 8,000, ఆపైన 7,500, 6,500, 5,500 కట్టి, ఆ తర్వాతగాని పాత 5,000 దగ్గరకు రాడు. ఈ అయిదేళ్ళలో అదనంగా కట్టింది 12,500. మూడు వేలు తెచ్చుకోవటానికి పన్నెండున్నర వేలు పోగొట్టుకోవటమన్నమాట! ఆ మూడు వేలైనా పూర్తిగా రావు. మొదటి వెయ్యి రూపాయలో, పెద్ద కారైతే రెండు వేలో మనమే భరించాలి. ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తారు. చిన్న సొట్టలు మన మెకానిక్ తమ్ముళ్ళ చేత సరిచేయించుకుని, పెద్ద దెబ్బకే ఇన్సూరెన్సును పిలవండి.

ఇప్పటికే ముద్ర పడినవారికి దారులు లేకపోలేదు. ఒకటి, నలుగురి దగ్గర ధర అడగండి. ఒక కంపెనీ చెప్పిన రేటు వేదవాక్కు కాదు. 2019 సెప్టెంబరు నుంచి థర్డ్ పార్టీ ఒకచోట ఉంచి, ఓన్ డ్యామేజి మాత్రం ఇంకొకచోట తీసుకునే వీలు కలిగింది. రెండు, మొదటి కొంత నష్టం నేనే భరిస్తానని రాసిస్తే ప్రీమియం తగ్గిస్తారు. మూడు, బండి తక్కువ తిరిగేవారికి 2022 జూలైలో, నడిపినంతకే కట్టు, నడిపే తీరును బట్టి కట్టు అనే కొత్త పద్ధతులకు అనుమతి వచ్చింది. నెమ్మదిగా నడిపేవాడు ఆ సంగతి ఋజువు చేసుకునే అవకాశమది. నాలుగు, బండి మరీ పాతదై, దాని విలువ ప్రీమియానికి సరిపోలనప్పుడు థర్డ్ పార్టీతో ఆగిపోవటం తప్పేమీ కాదు. కాని ఒక పని చేయకండి. పాత క్లెయిములు దాచి, బోనస్ ఉన్నదని కొత్త కంపెనీకి రాసివ్వకండి. పాత కంపెనీకి ఒక్క ఉత్తరం రాస్తే బయటపడుతుంది. అప్పుడు పెద్ద దెబ్బ తగిలిన రోజున చేతికి ఏమీ రాదు.

ఇంతవరకు చెప్పింది వేల రూపాయల సంగతి. ఇకమీదట చెప్పేది ఇల్లు, వాకిలి పోయే సంగతి. మన దేశంలో నిజంగా రిస్కు ఎక్కువ డ్రైవరు ఎవరంటే మూడు క్లెయిములు చేసినవాడు కాదు. కాగితం సరిగా లేకుండా బండి తోలేవాడు, వాడికి తాళం ఇచ్చేవాడు. ఇది నేను పుస్తకంలో చూసి చెప్పటం లేదు.

2008లో నాకొక చిన్న కారుండేది. పాలసీ సక్రమంగా ఉన్నది, నేనే రాసుకున్నాను కదా. ఒక సాయంత్రం మా ఇంటావిడకు మందులు కావలసి వచ్చాయి. నాకు జ్వరం. మా ఆపా కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. వాడికి లైసెన్సు లేదని నాకు తెలుసు. వచ్చే వారం టెస్టుకు పోతాను మామూ అంటుండేవాడు. బజారు దాకానే కదా అని తాళం నేనే చేతికిచ్చాను. సందు మలుపులో కూరగాయల బండి తోసుకుంటూ వస్తున్న ఆవిడను కొట్టాడు. ఆమె తొడ ఎముక విరిగింది. ముగ్గురు పిల్లల తల్లి, రోజు బండి తోస్తేగాని రోజు గడవనిది.

మూడేళ్ళకు ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. వడ్డీతో మూడు లక్షలు దాటింది. కంపెనీ ఆమెకు డబ్బు కట్టింది. ఆ తర్వాత ఆ మొత్తం నా దగ్గర వసూలు చేసుకోమని తీర్పులోనే ఉన్నది. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో చెప్పిన సూత్రమే ఇది. గాయపడిన మనిషిని కాగితాల తగవులో నలగనివ్వకూడదు, కంపెనీ ముందు కట్టాలి; యజమాని తెలిసి తెలిసి తప్పు చేస్తే అతని దగ్గర రాబట్టుకోవచ్చు. ఇట్లాంటి బాకీని భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టరు ద్వారా వసూలు చేసే అధికారం కూడా చట్టంలో ఉన్నది. ఇన్సూరెన్సు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడిని, ఎవరి మీద ఏమని వాదించను? మా ఇంటావిడ గాజులు పోయాయి, జీతంలో నుంచి రెండేళ్ళు కట్టాను. డబ్బు తీరింది. మా ఆపా మాత్రం, నా కొడుకు వల్ల నీ ఇల్లు గుల్లయింది అంటూ నాలుగేళ్ళు మా గడప తొక్కలేదు. తప్పు వాడిది కాదు, తాళం ఇచ్చిన చేతిది అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు.

కాబట్టి సోదరులారా, నా మాటగా ఈ అయిదు సంగతులు ఇంటికి తీసుకుపోండి.

మొదటిది, లైసెన్సు లేనివాడికి తాళం ఇవ్వకండి. ఇచ్చిన యజమానికి అయిదు వేలు, నడిపినవాడికి అయిదు వేలు జరిమానా అని 2019 సవరణ చెబుతున్నది. పద్దెనిమిది నిండని పిల్లవాడు ప్రమాదం చేస్తే తండ్రికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. బేటా ముచ్చటపడ్డాడు అనే మాట జడ్జిగారి ముందు చెల్లదు.

రెండవది, ఆటో, టాక్సీ తోలేవారి భయం ఒకటి తీరింది. మామూలు కారు లైసెన్సుతో ట్రాన్స్‌పోర్టు బండి నడిపావని చెప్పి కంపెనీలు క్లెయిములు తోసిపుచ్చేవి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి ఎల్.ఎమ్.వి. లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ఎవరైనా పాత సాకు చెబితే ఈ తీర్పు గుర్తు చేయండి. పెద్ద లారీకి మాత్రం దాని లైసెన్సు దానిదే.

మూడవది, సొంత కారని పాలసీ తీసుకుని కిరాయికి తిప్పకండి. తాగి బండి ముట్టుకోకండి. ఈ రెండింట్లో దేనికైనా మీ బండి నష్టం ఒక్క పైసా రాదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, పదివేల జరిమానా. 2019 సవరణ తర్వాత, తాగి నడపటమన్నది కంపెనీ ట్రిబ్యునల్ ముందు చెప్పుకోదగిన కారణం కూడా అయింది.

నాలుగవది, తేదీ మరువకండి. పాలసీ నిన్న అర్ధరాత్రితో ముగిసి, ప్రమాదం ఈ ఉదయం జరిగితే మీకు బీమా లేనట్టే. తొంభై రోజులు దాటనిస్తే కూడబెట్టుకున్న బోనస్ కూడా పోతుంది. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయలు, తిరిగి దొరికితే 4,000, మూడు నెలల వరకు జైలుకూ అవకాశమున్నది.

అయిదవది, స్టీరింగు పట్టినవాడి ప్రాణం సంగతి. థర్డ్ పార్టీ అన్నది బయటి మనిషికి. తోలే యజమానికి వేరుగా 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. 2018 నుంచి ఆ మొత్తం అంత అయింది. అది యజమాని పేర లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. అందులో నామినీ పేరు రాశారో లేదో ఈ రాత్రే చూడండి. జీతానికి బండి తోలే తమ్ముళ్ళు తమ యజమానిని అడగండి: పాలసీలో డ్రైవరుకు అదనపు రక్షణ కట్టారా అని. దానికయ్యేది స్వల్పం. అడగటానికి మొగమాటపడితే ఇంటిల్లిపాదీ నష్టపోవలసి ఉంటుంది.

తల్లులకు ఒక్క మాట. బీరువాలో నగల డబ్బా పక్కన ఒక కవరు పెట్టండి. అందులో పాలసీ, ఆర్.సి., లైసెన్సు నకళ్ళు ఉంచండి. ఆపద వచ్చిన రోజున వెతుకులాట మీకే గదా తప్పనిది.

సంఘానికి కూడా నాదొక మనవి. ఆఫీసులో ఒక రిజిస్టరు పెడదాం. సభ్యుల బళ్ళ నంబర్లు, పాలసీ ముగిసే తేదీ, లైసెన్సు ముగిసే తేదీ అందులో రాద్దాం. పదిహేను రోజుల ముందు ఒక్క ఫోను చేద్దాం. నెల చివర చేతిలో డబ్బు లేక పాలసీ ఆపేసే ఆటో సోదరులకు సంఘం వడ్డీలేని చేబదులు ఇవ్వగలిగితే, అది ఏ ఆసుపత్రి సాయానికీ తీసిపోదు. క్లెయిము అన్యాయంగా నిరాకరించారని తోస్తే హైదరాబాదులో బీమా ఓంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఉత్తరం రాసిపెట్టే పని ఈ ముసలివాడు చేస్తాడు. ఆదివారాలు ఆఫీసుకు వస్తాను.

ముగించే ముందు ఒక సంగతి. ఆ కూరగాయల ఆవిడ ఇప్పటికీ మా బజారులోనే ఉన్నది. కొంచెం కుంటుతూ నడుస్తుంది. ఆ పరిహారం డబ్బుతో చిన్న కొట్టు పెట్టుకున్నది, బండి తోయటం మానేసింది. నేను అక్కడే కూరలు కొంటాను. బేరం ఆడను. నేను ప్రీమియం కట్టినన్నాళ్ళూ నా కారు కోసం కడుతున్నాననుకున్నాను. ఆమె కాలు విరిగిన తర్వాతగాని ఆ డబ్బు ఎవరి కోసమో నాకు తెలియలేదు. మీకు అట్లా తెలియవలసిన అవసరం రాకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను.